అమ్మమ్మ దగ్గర పెరిగే బిడ్డకు ఎడబాట్లు రెండు

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో ముందు క్లుప్తంగా చెబుతాను. మీ పాపకు ఎనిమిది నెలలు నిండాయి. భార్యాభర్తలిద్దరూ హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నారు. ప్రసూతి సెలవూ, దానికి కలుపుకున్న సెలవులూ అయిపోయాయి. పాపను పర్లాకిమిడిలో మీ అమ్మగారి దగ్గర మూడేళ్ళు నిండేవరకూ ఉంచి, నర్సరీలో చేర్చే వేళకు తెచ్చుకోవాలని ఇంట్లో నిర్ణయించారు. ఈలోగా, తల్లికి దూరమైన పిల్లల మెదడు సరిగా ఎదగదని ఎక్కడో చదివి భయపడ్డారు. అది నిజమేనా అనీ, రోజూ వీడియో కాల్‌లో కనిపిస్తే సరిపోతుందా అనీ అడిగారు.

నేను ఒడిశాలోని బరంపురంలో ఇరవై రెండేళ్ళుగా పిల్లల ఎదుగుదల, ప్రవర్తన సమస్యలు చూస్తున్నాను. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల నుంచీ, ఇటు ఇచ్ఛాపురం, పలాస వైపు నుంచీ వచ్చే కుటుంబాలే ఎక్కువ. అమ్మమ్మ చేతుల్లోనో మామ్మ చేతుల్లోనో పెరిగే పిల్లలు ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఒకప్పుడు సూరత్ మరమగ్గాల పనికి వెళ్ళినవారి పిల్లలను చూసేవాణ్ణి, ఇప్పుడు వారితోపాటు హైదరాబాదు, బెంగళూరు ఉద్యోగుల పిల్లలు కూడా వస్తున్నారు. జీతాల్లో తేడా ఉన్నా, పసివాళ్ళ బాధలో నాకు తేడా కనిపించలేదు.

అమ్మమ్మ దగ్గర పెరిగినంత మాత్రాన మీ పాప మెదడు ఎదగకుండా పోదు. రోజూ ఒకే మనిషి ఎత్తుకుని, తినిపించి, ఏడిస్తే పలికి, రాత్రి పక్కన పడుకోబెట్టుకునే ఇంట్లో బిడ్డ బాగానే పెరుగుతుంది. మీరు చదివినది వేరే పిల్లల గురించి. అయితే మీ ఏర్పాటులో నాకు రెండు చోట్ల అభ్యంతరం ఉంది. ఒకటి, ఎనిమిది నెలల వయసు పిల్లను మనిషి నుంచి మనిషికి మార్చడానికి చాలా సున్నితమైన సమయం. రెండు, మూడేళ్ళకు తెచ్చుకుంటామని మీరు ఒక్క మాటలో తేల్చేసిన ఘట్టమే పాపకు అసలైన ఎడబాటు అవుతుంది. మీ లెక్కలో అది బిడ్డ ఇంటికి తిరిగి రావడం. పాప లెక్కలో అది ఇల్లు వదిలిపోవడం. నా దగ్గరకు వచ్చే కేసుల్లో ఎక్కువ భాగం ఈ రెండవ ఎడబాటువే.

ఎనిమిది నెలలు ఎందుకు సున్నితమైన వయసో చెబుతాను. మొదటి అయిదారు నెలల్లో బిడ్డ తల్లిని గుర్తుపడుతుంది, ఆమె గొంతుకు తల తిప్పుతుంది, కానీ ఓపికగా చూసుకునే మరొక మనిషి చేతుల్లో కూడా కుదురుకోగలుగుతుంది. ఏడెనిమిది నెలలకు రెండు మార్పులు ఇంచుమించు ఒకేసారి వస్తాయి. కంటికి కనబడని వస్తువు కూడా ఎక్కడో ఉందన్న తెలివి వస్తుంది, గిన్నె కింద దాచిన బొమ్మను వెతుకుతుంది. అదే తెలివితో, గది దాటిన అమ్మ ఎక్కడో ఉందని, తన దగ్గర లేదని కూడా గ్రహిస్తుంది. కొత్త మొహం చూస్తే ముఖం తిప్పేసుకుని మాలిమి ఉన్న మనిషి భుజంలో తల దాచుకోవడం ఈ దశలోనే మొదలవుతుంది. ఇది పది నెలల నుంచి ఏడాదిన్నర దాకా బాగా ముదిరి, తరువాత నెమ్మదిగా తగ్గుతుంది. షాఫర్, క్యాలెండర్ అనే ఇద్దరు పరిశోధకులు 1959లో ఆసుపత్రిలో చేర్చిన పసిపిల్లలను గమనించి ఈ గీతనే చూశారు. ఏడు నెలల లోపు పిల్లలు పెద్దగా అల్లాడలేదు, ఏడు నెలలు దాటినవారు తల్లి కోసం తీవ్రంగా ఏడ్చారు. అంటే మీ పాప ఇప్పుడిప్పుడే గీత దాటింది.

ఈ షాఫరే ఎమర్సన్‌తో కలిసి గ్లాస్గోలో 60 మంది పసిపిల్లలను నెలనెలా ఇళ్ళకు వెళ్ళి చూసి 1964లో ఒక సంగతి రాశాడు, అది మన ఉమ్మడి ఇళ్ళలో ముసలమ్మలకు ఎప్పుడో తెలిసినదే. ఏడాదిన్నర నిండేసరికి ఎక్కువ మంది పిల్లలకు మాలిమి ఉన్నది ఒక్కరితో కాదు, తండ్రి, నాన్నమ్మ, అన్న, అక్క ఇలా ఇద్దరు ముగ్గురితో. పైగా ఆ ఇద్దరు ముగ్గురూ రోజంతా దగ్గర ఉన్నవారే కానక్కర లేదు, బిడ్డ పిలుపుకు పలికినవారు. కనుక తల్లి ఒక్కతే తప్ప మరెవ్వరూ పనికిరారన్న భయం అక్కర లేదు. పాపకు మీ అమ్మగారు ఇప్పటికే మాలిమి మనిషి అయి ఉంటే సగం భారం తగ్గినట్టే. మీరు కాన్పుకు పుట్టింటికి వెళ్ళి మూడో నెలలో హైదరాబాదు వచ్చేశారని రాశారు. అంటే పాపకు అమ్మమ్మ ఇప్పుడు కొత్త మనిషే. మనకు చుట్టరికం ముఖ్యం, ఎనిమిది నెలల పిల్లకు తనను నిన్నా మొన్నా ఎత్తుకున్నది ఎవరన్నదే ముఖ్యం.

మీరు చదివి భయపడిన సంగతి ఎక్కడిదో కూడా చెప్పాలి. రెనే స్పిట్జ్ అనే మనోవిశ్లేషకుడు 1945లో అనాథ శిశుగృహంలో ఉన్న పసివాళ్ళనూ, జైలులో తల్లుల దగ్గరే ఉన్న పసివాళ్ళనూ పోల్చి చూశాడు. తిండీ శుభ్రతా బాగానే ఉన్న అనాథ గృహంలోని పిల్లలు ఎత్తుకునే మనిషి లేక మందకొడిగా మారిపోయారు, జబ్బులకు తట్టుకోలేకపోయారు, జైల్లో తల్లి ఒడిలో ఉన్నవారు మామూలుగా పెరిగారు. బ్రిటిష్ మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం రాసిన నివేదిక, యుద్ధం తరువాత ఇళ్ళు లేకుండా పోయిన పిల్లల గురించినది. రుమేనియాలో 2000 తరువాత చేసిన బుకారెస్ట్ పరిశోధనలో, అనాథాశ్రమాల్లో ఉన్న 6 నుంచి 31 నెలల వయసు పిల్లలు 136 మందిని తీసుకుని, చీటీ వేసినట్టు సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపారు. కుటుంబాల్లోకి వెళ్ళినవారి తెలివితేటలు, అనుబంధాలు మెరుగుపడ్డాయి. రెండేళ్ళు నిండక ముందే వెళ్ళినవారికి మరింత మెరుగుపడ్డాయి. మెదడు ఎదగదన్న మాటకు మూలం ఇలాంటి పిల్లలు. వారికి ఎడబాటు ఒక్కటే జరగలేదు, తల్లి స్థానంలోకి ఎవ్వరూ రాలేదు. ఒక్కో ఆయాకు పదిహేను మంది పిల్లలుంటే, ఏడుపుకు ఎవరూ పలకని చోట, ఏడవడమే మానేసిన పిల్లలు వారు. వారినీ మీ అమ్మగారి వరండాలో పెరగబోయే పాపనూ ఒకే గాటన కట్టడం తప్పు. తల్లికి దూరం కావడం వేరు, అసలు మనిషే లేకపోవడం వేరు అని పిల్లల మానసిక వైద్యుడు మైకేల్ రట్టర్ 1972లోనే విడదీసి చెప్పాడు.

అలాగని పట్టించుకోవలసిన పని లేదని కూడా అనను. మన ఇళ్ళలో దీనికి ఒక మంచి మాట ఉంది, బెంగ. "బిడ్డ బెంగెట్టుకుంది" అనగానే అమ్మలక్కలకు సగం రోగం అర్థమైపోతుంది. ఇంగ్లండులో జేమ్స్ రాబర్ట్‌సన్ ఆసుపత్రుల్లోనూ శిశుగృహాల్లోనూ పిల్లలను రోజుల తరబడి గమనించి, 1952లో ఒక రెండేళ్ళ పాప ఆసుపత్రి వాసాన్ని చిత్రంగా కూడా తీసి, ఈ బెంగను మూడు దశలుగా చూపించాడు. మొదట బిడ్డ గట్టిగా ఏడుస్తుంది, వెతుకుతుంది, ఎత్తుకున్నవారిని తోసేస్తుంది. తరువాత గొంతు తగ్గి, మూలకు చేరి, ఆట మాని, నోట్లో వేలు వేసుకుని ఉండిపోతుంది. ఆ తరువాత మళ్ళీ తింటుంది, నవ్వుతుంది, ఎవరు పిలిచినా వెళ్తుంది. కానీ కన్నతల్లి వచ్చినప్పుడు ఎవరో వచ్చినట్టు చూస్తుంది. ఈ మూడో దశనే మనవాళ్ళు "అలవాటు పడిపోయింది" అని సంతోషిస్తారు. ఆ మాట విన్నప్పుడల్లా నేను ఇంకో రెండు ప్రశ్నలు అడుగుతాను. కింద పడితే ఎవరి దగ్గరకు పరిగెత్తుతుంది? నిద్రలో లేస్తే ఎవరి పేరు పిలుస్తుంది? ఈ రెంటికీ ఒక మనిషి పేరు జవాబుగా వస్తే అది నిజమైన అలవాటే. ఎవరి దగ్గరకూ వెళ్ళదు, తనే లేచి దులుపుకుంటుంది, ఎంత బుద్ధిమంతురాలో అని చెబితే నాకు దిగులు వేస్తుంది.

ఇచ్ఛాపురం దగ్గర పల్లె నుంచి వచ్చిన ఒక పిల్లవాణ్ణి చెబుతాను. పందొమ్మిది నెలలవాడు. తల్లి రెండో కాన్పుకు ఆసుపత్రిలో చేరితే, ఆపరేషను కావడంతో మూడు వారాలు వాణ్ణి మేనత్త ఇంట్లో ఉంచారు. మేనత్త మంచి మనిషే, కానీ వాడు ఆమెను అంతకుముందు పెళ్ళిళ్ళలో తప్ప చూడలేదు. మొదటి నాలుగు రోజులూ వీధిలో బస్సు హారను వినబడితే చాలు గేటు దగ్గరకు పరిగెత్తి ఊచలు పట్టుకుని నిలబడేవాడట. అయిదో రోజు నుంచి హారను వినిపించినా తల తిప్పలేదు. "గుంటడు అలవాటైపోనాడు, ఇంక బాదనేదు" అని మేనత్త ఫోనులో చెప్పింది. తల్లి వచ్చిన రోజున వాడు తండ్రి దగ్గరకు వెళ్ళాడు, తల్లిని దాటుకుని ఆమె సంచీ జిప్పు లాగుతూ కూర్చున్నాడు, ఆమె మొహం వైపు మాత్రం చూడలేదు. రెండు రోజులయ్యాక ఒక్కసారిగా కట్ట తెగినట్టు ఏడ్చాడు. ఆ తరువాత రెండు నెలలు ఆమెను కంటి చూపు దాటనివ్వలేదు. స్నానాలగది తలుపు వారగా తెరిచి పెట్టుకుని, లోపలి నుంచి మాట్లాడుతూనే స్నానం చేయవలసి వచ్చేదని ఆమె నాతో చెప్పింది. ఇంట్లోవారు మొండితనం అన్నారు, చెల్లెలి మీద అసూయ అన్నారు. నేను కోలుకోవడం అన్నాను. మూడో నెలకు వాడు తేరుకున్నాడు, ఇప్పుడు బడికి వెళ్తున్నాడు, ఏ లోపమూ లేదు. మూడు వారాల బెంగ మెదడును చెడగొట్టలేదు, కానీ దాని బాకీ తీర్చడానికి మూడు నెలలు పట్టింది.

రెండవ ఎడబాటు సంగతికి వస్తాను.

బరంపురంలో అయిదో నెల నుంచి అమ్మమ్మ పెంచిన ఒక పాపను, మూడేళ్ళ రెండు నెలలప్పుడు తల్లిదండ్రులు బెంగళూరు తీసుకువెళ్ళారు. అమ్మమ్మనే ఆ పాప "అమ్మ" అనేది. కన్నతల్లిని "ఫోనమ్మ" అనేది. అందులో ఎవరి తప్పూ లేదు, ఆ పిల్లకు తెలిసిన నిజం అది. రైలెక్కేటప్పుడు అమ్మమ్మ కూడా వస్తోందని చెప్పి ఎక్కించారు. పాప నిద్రపోయాక ఆమె విజయనగరంలో దిగిపోయింది. బెంగళూరులో పాప మళ్ళీ పక్క తడపడం మొదలుపెట్టింది, ముద్ద నోట్లో పెట్టుకుని నమలకుండా గంటసేపు బుగ్గన ఉంచుకునేది, బడిలో పెదవి విప్పేది కాదు. అన్నిటికన్నా నన్ను బాధపెట్టినది ఏమిటంటే, రాత్రి కళ్ళు మూసుకోవడానికి భయపడేది. కళ్ళు మూసుకున్నప్పుడే కదా అమ్మమ్మ మాయమైంది. అక్కడెవరో, నెల రోజులు అమ్మమ్మతో మాట్లాడించకండి, మరిచిపోతుంది అని సలహా ఇచ్చారట. వారిని నేను పెద్దగా తప్పుపట్టలేను, ఎందుకంటే ఈ పనిలోకి వచ్చిన కొత్తలో నేనూ రెండు మూడు కుటుంబాలకు ఇదే చెప్పాను. గట్టిగా ఉండండి, వారంలో సర్దుకుంటుంది అనేవాణ్ణి. సర్దుకున్నట్టు కనిపించడం మూడో దశ అని అప్పటికి పుస్తకంలో చదివే ఉన్నాను, ఎదుటి బిడ్డలో పోల్చుకోవడం రాలేదు.

దసరా సెలవులకు వాళ్ళు వచ్చినప్పుడు మేము చేసినది చాలా చిన్న పని. అమ్మమ్మ వాళ్ళతోపాటు బెంగళూరు వెళ్ళి ఆరు వారాలు ఉంది. మొదటి రెండు వారాలు అన్నీ ఆమే చేసింది, తల్లి పక్కన కూర్చుంది. తరువాత స్నానం తల్లిది, అన్నం అమ్మమ్మది. ఆ తరువాత అన్నం కూడా తల్లిది, నిద్ర మాత్రం అమ్మమ్మది. నిద్రను చివరికి వదలమని నేను పట్టుబట్టాను. వెళ్ళిపోయే రోజున అమ్మమ్మ పట్టపగలు, పాప మెలకువగా ఉన్నప్పుడు, చెప్పి వెళ్ళింది. పాప ఏడ్చింది. ఏడవనివ్వాలి. అయిదు నెలల్లో పక్క తడపడం ఆగింది, సంక్రాంతి దాటాక బడిలో మాట్లాడింది.

బౌల్బీ జీవితంలోనే ఇలాంటిది ఒకటి ఉంది. ఆయన పుట్టిన వర్గంలో పిల్లలను ఆయాలు పెంచేవారు. ఆయనను పెంచిన ఆయా, ఆయనకు నాలుగేళ్ళు వచ్చే వేళకు పని మాని వెళ్ళిపోయింది. తల్లి ఇంట్లోనే ఉన్నా, ఆ పోవడం తల్లి పోయినంత పని అయిందని ఆయన పెద్దయ్యాక చెప్పుకున్నాడు. బిడ్డకు అమ్మ ఎవరో మన రేషను కార్డు నిర్ణయించదు. మీరు మూడేళ్ళు నిండేదాకా అమ్మమ్మ దగ్గర ఉంచితే పాపకు మొదటి మనిషి అమ్మమ్మే అవుతుంది, అలా కావడమే ఆరోగ్యం. కాకపోతేనే దిగులుపడాలి. అది ఒప్పుకోవడం మీకు కష్టంగా ఉంటుంది. నన్ను "అమ్మా" అని పిలవలేదని ఏడ్చిన తల్లులను చాలామందిని చూశాను. ఆ కష్టాన్ని మీరు మోయగలరా అన్నది ముందే ఆలోచించుకోండి. మోయలేక మధ్యలో పట్టుదలకు పోయి బిడ్డను లాక్కుపోయిన ఇళ్ళలోనే ఎక్కువ నష్టం చూశాను.

ఎడబాటు ఉన్నా బాగా సాగిన ఇళ్ళు కూడా ఉన్నాయి. గుణుపురంలో మామ్మ దగ్గర పెరిగిన ఒక బాబు తల్లి రాయగడ వైపు టీచరు. శనివారం మధ్యాహ్నం వచ్చి సోమవారం తెల్లవారుజామున వెళ్ళేది, వానొచ్చినా వరదొచ్చినా. వాడికి శనివారం అన్న మాట రెండేళ్ళకే వచ్చింది. నాలుగేళ్ళకు తల్లి దగ్గరకు మారినప్పుడు మామ్మ కూడా మూడు నెలలు వెళ్ళింది. నా దగ్గరకు వాణ్ణి తెచ్చింది చెవి నొప్పికి, అదీ పొరపాటున. మీకూ వారికీ తేడా దూరమే. హైదరాబాదు నుంచి రాత్రంతా రైల్లో వచ్చి, పలాసలో దిగి, బస్సెక్కి పర్లాకిమిడి చేరే ప్రయాణం వారంవారం చేయగలిగింది కాదు. రెండు నెలలకు ఒకసారి వచ్చే తల్లి, ఏడాది పిల్లకు ప్రతిసారీ కొత్తగా పరిచయం కావలసిన మనిషే.

కనుక మీరు నన్ను సూటిగా అడిగారు గనుక నా అభిప్రాయం సూటిగా రాస్తున్నాను. మీ చేతిలో ఏ మాత్రం వీలున్నా, ఏడాదిన్నర నిండేవరకు పాపను మీ దగ్గరే ఉంచుకోండి, కదిలించవలసి వస్తే అమ్మమ్మను హైదరాబాదుకు కదిలించండి. ఆరు నెలలు మీ అమ్మగారు, ఆరు నెలలు అత్తగారు వచ్చి ఉండటం మన ఇళ్ళలో లేని ఏర్పాటు కాదు. అది కుదరకపోతే పగలు క్రెష్‌లో, రాత్రి మీ దగ్గర ఉంచడం నా దృష్టిలో రెండేళ్ళకు పైబడిన ఎడబాటు కన్నా మేలు. మన పెద్దలు ఈ మాట ఒప్పుకోరు. డబ్బు పుచ్చుకుని చూసేవాళ్ళ దగ్గర పిల్లను పడేశారంటారు. అమెరికాలో 1991లో మొదలుపెట్టి 1,300 మందికి పైగా పిల్లలను పుట్టినప్పటి నుంచి ఏళ్ళ తరబడి గమనించిన ఒక పెద్ద పరిశోధనలో, క్రెష్‌కు వెళ్ళినంత మాత్రాన తల్లితో అనుబంధం దెబ్బతినలేదని తేలింది. ఇంటికి వచ్చాక తల్లి బిడ్డకు ఎలా పలుకుతోందన్నదే ఎక్కువ తేడా చూపింది. క్రెష్ చూడటానికి వెళ్ళినప్పుడు గోడల మీది బొమ్మలు చూడకండి. ఒక మనిషికి ఎంతమంది పసివాళ్ళున్నారో, ఆ మనిషి ఎన్నాళ్ళుగా అక్కడ పని చేస్తోందో అడగండి. మూడు నెలలకొకసారి ఆయాలు మారే చోటు వద్దు.

మీ కంపెనీలో 50 మంది, ఆపైన ఉద్యోగులుంటే, ప్రసూతి ప్రయోజనాలకు 2017 సవరణతో చట్టంలోకి వచ్చిన నియమం ప్రకారం క్రెష్ సౌకర్యం ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చు. 26 వారాల సెలవు సంగతి అందరికీ తెలుసు, ఈ సంగతి చాలామందికి తెలియదు. రాతపూర్వకంగా అడగండి. పాలు కూడా ఇంకా ఇస్తున్నారని రాశారు. తల్లినీ పాలనూ ఒకే రోజున మాన్పించడం పాపకు రెండు దెబ్బలు ఒకేసారి తగలడమే.

ఇవేవీ కుదరక పంపక తప్పదంటే, ఎలా పంపాలో చెబుతాను. పాపను దింపి మర్నాడే రైలెక్కకండి. కనీసం రెండు మూడు వారాలు మీరూ పర్లాకిమిడిలో ఉండండి. మొదట మీ అమ్మగారు మీ ఎదుటే ఎత్తుకోవాలి, తరువాత మీరు గంట సేపు బజారుకు వెళ్ళి రావాలి, ఆ తరువాత ఒక పూట. వెళ్ళి తిరిగి వస్తారన్నది పాప మాటలతో నేర్చుకోదు, మీరు పదిసార్లు వెళ్ళి పదిసార్లు వస్తే నేర్చుకుంటుంది. నిద్రలో ఉండగా తప్పుకోవడం వద్దే వద్దు, కారణం పైన చెప్పాను. మీరు కట్టుకున్న మెత్తని నూలు చీర ఒకటి ఉతకకుండా వదిలి వెళ్ళండి, పాప పక్కన వేస్తారు. మూడేళ్ళకు తిరిగి తెచ్చుకునేటప్పుడు అమ్మమ్మ చీరలతో కుట్టిన బొంతను అలాగే, ఉతకకుండా, వెంట తెచ్చుకోండి. వాసనకు పసివాళ్ళ మనసులో ఉన్న బలం మనకు గుర్తుండదు. అమ్మమ్మ చీర కొంగును పిడికిలికి మూడు చుట్లు చుట్టుకుని, ఆ పిడికిలి నోటి దగ్గర పెట్టుకుంటే తప్ప బల్ల ఎక్కని పిల్లలను నేను వారానికి ఒకరినైనా చూస్తాను.

చూసుకునే మనిషి ఒక్కరే కావాలన్నది మరో షరతు. పాపను నెల అమ్మమ్మ దగ్గర, నెల పిన్ని దగ్గర, పండక్కి పెద్దమ్మ దగ్గర తిప్పడం ఉమ్మడి కుటుంబం కాదు. ఉమ్మడి కుటుంబంలో మనుషులు ఎక్కువగా ఉంటారు గాని ఇల్లు మారదు. మీ అమ్మగారి ఆరోగ్యం ఎలా ఉందో కూడా మొహమాటం లేకుండా అడిగి తెలుసుకోండి. మోకాళ్ళ నొప్పులున్న అరవై ఏళ్ళ మనిషి నడక వచ్చిన పిల్ల వెనుక పరిగెత్తలేక, టీవీ ముందు కూర్చోబెట్టి తినిపించడం చాలా ఇళ్ళలో చూస్తున్నాను. అప్పుడు బిడ్డకు కలిగే నష్టం తల్లి లేకపోవడం వల్ల కాదు, మాటలు వినబడకపోవడం వల్ల.

మాటల సంగతి ఎత్తాను గనుక, మన సరిహద్దు వాళ్ళకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి. పర్లాకిమిడిలో పాప ఇంట్లో మన యాస తెలుగు, వీధిలో ఒడియా వింటుంది. రెండేళ్ళకు "పాణి దే" అనీ "నీలియ్యి" అనీ రెండూ అంటుంది. అది ఆరోగ్యకరమైన ఎదుగుదల, రెండు భాషల వల్ల మాటలు ఆలస్యం కావు. కానీ హైదరాబాదు నర్సరీలో ఆ రెండూ ఎవరికీ పట్టవు. నోరు విప్పితే నవ్వుతారు, విప్పకపోతే మాటలు రాని పిల్ల అని కాగితం మీద రాసిస్తారు. అలాంటి కాగితం పట్టుకుని ఏడుస్తూ వచ్చిన ఒక తండ్రి ఎదుట, వాళ్ళబ్బాయి నా బల్ల మీది బొమ్మ ఎద్దుబండి చూసి ఒడియాలో పదిహేను నిమిషాలు కథ చెప్పాడు.

దీనికి ఎదురు హెచ్చరిక కూడా ఇవ్వాలి. ప్రతిదానికీ బెంగ అని పేరు పెట్టి కూర్చోకండి. ఏడాదిన్నర వయసులో పిలిస్తే పలకకపోవడం, కళ్ళలోకి చూడకపోవడం, వేలితో చూపించకపోవడం, వచ్చిన మాటలు పోవడం ఆటిజం లక్షణాలు కావచ్చు, వినికిడి లోపం కూడా కావచ్చు. తల్లి సూరత్ వెళ్ళినప్పటి నుంచి ఇలా అయ్యాడని ఒక మామ్మ ఏడాదిపాటు దిష్టి తీయించి, తాయెత్తు కట్టించిన బాబు నా దగ్గరకు మూడేళ్ళకు వచ్చాడు. వాడిది బెంగ కాదు. పోయిన ఆ ఏడాది శిక్షణకు చాలా విలువైన కాలం. బెంగ పెట్టుకున్న బిడ్డ తన మనిషి తిరిగి వచ్చి కుదురుగా ఉంటే వారాల్లో, నెలల్లో తేరుకోవడం కనిపిస్తుంది. అలా కనిపించకపోయినా, రెండు వారాలకు మించి సరిగా తినక బరువు తగ్గుతున్నా, దెబ్బ తగిలినా ఎవరినీ ఆశ్రయించకపోయినా, తెలియనివారి చేయి పట్టుకుని నిస్సంకోచంగా వెళ్ళిపోతున్నా పిల్లల వైద్యుడికి చూపించండి.

వీడియో కాల్ గురించి అడిగారు. రెండేళ్ళ లోపు పిల్లలకు తెరలు వద్దని చెప్పే వైద్యులు కూడా వీడియో కాల్‌ను మినహాయిస్తారు, కనుక చేయండి. కానీ ఏడాది పిల్లకు ఫోనులో అమ్మ సగం బొమ్మ, సగం మనిషి. ఆ బొమ్మకు ప్రాణం పోయవలసింది పక్కనున్న అమ్మమ్మ. మీరు అక్కడ "చప్పట్లు" అంటే ఇక్కడ అమ్మమ్మ పాప చేతులు పట్టి కొట్టించాలి, మీరు ముద్దు పెడితే ఆవిడ బుగ్గ మీద పెట్టాలి. రోజూ ఒకే వేళకు, కడుపు నిండి ఉన్నప్పుడు, పది నిమిషాలు చాలు. నిద్ర వేళ వద్దు. "అమ్మ గుర్తుందా, చెప్పు, చెప్పు" అని పరీక్ష పెట్టకండి. కాల్ అయ్యాక పాప ఏడుస్తోందని మీ అమ్మగారు కాల్ మాన్పించాలని చూడవచ్చు. ఆ ఏడుపు భరించదగినదే, మానకండి.

తిరిగి తెచ్చుకునే నెలను ఇప్పుడే అనుకుని ఉంచుకోండి. జూన్‌లో బడి అయితే, ఏప్రిల్ మొదటి వారానికే పాపా అమ్మమ్మా కలిసి హైదరాబాదు రావాలి. అంతకుముందు ఏడాదిలో ఇద్దరూ కలిసి రెండు మూడుసార్లు వచ్చి వెళ్ళి ఉంటే ఆ ఇల్లు పాపకు కొత్త కాదు. కొత్త ఇల్లు, కొత్త బడి, అమ్మమ్మ ప్రయాణం, ఈ మూడూ ఒకే నెలలో పడకుండా చూడండి. బడిలో చేరాక కూడా అమ్మమ్మ కనీసం ఒక నెల ఉండాలి. ఆగస్టులో ఆవిడ తిరిగి వెళ్ళేటప్పుడు పాపను స్టేషనుకు తీసుకువెళ్ళండి, రైలు కదిలేదాకా ప్లాట్‌ఫారం మీదే ఉంచండి, దసరాకు మళ్ళీ పర్లాకిమిడి వెళ్ళే టిక్కెట్లు మాత్రం ఆ ప్రయాణానికి ముందే తీసి ఉంచండి.